పాత డిస్కులు తీసేసి బ్లూరేకి మారాలా? మూడు నెలల తంటా తర్వాత నా లెక్క

దసరాకి 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొన్నాం. కొన్న మర్నాడే గొడవ మొదలైంది. బీరువాలోంచి ఎంతో ముచ్చటగా ఒక పాత సినిమా వీసీడీ తీసి పెడితే హీరో మొహం గళ్ళ లుంగీలా కనిపించింది. మా ఆవిడ ఒక్కటే మాట అంది, "దీనికా ఇంత డబ్బు పోశారు?" అని. తప్పు టీవీదా, డిస్కుదా, ప్లేయరుదా అన్నది తేల్చుకునేసరికి మూడు నెలలు పట్టింది, జేబుకి చిల్లు కూడా బాగానే పడింది. ఇలాంటి బీరువాలు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయని తెలుసు, అందుకే రాస్తున్నాను.

నా దగ్గరున్నవి 312 డిస్కులు (ఒక ఆదివారం పూట కవర్లు ఎగిరిపోకుండా ఫ్యాను ఆపేసి మరీ లెక్కపెట్టాను). అందులో 118 వీసీడీలు, మిగతావి డీవీడీలు. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల సీడీ షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, అద్దెకి తిరిగి తిరిగి గీతలు పడ్డవాటిని పదికీ ఇరవైకీ అమ్మేస్తుంటే సంచుల్లో మోసుకొచ్చిన సరుకు సగం. మిగతా సగం కొత్తవే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకీ డీవీడీ 34 రూపాయలకీ ఇవ్వడం మొదలుపెట్టాక ఇక నా చెయ్యి ఆగలేదు. అంతకుముందు అదే డబ్బుకి రెండు మూడు రోజుల అద్దె వచ్చేది.

ముందు ఒక లెక్క చెప్తాను. వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలు, అంటే మొత్తం కలిపితే లక్ష. డీవీడీ 720 బై 576, నాలుగు లక్షలు దాటుతుంది. డీవీడీ తర్వాతి తరం డిస్కు బ్లూరే, దాంట్లో దాదాపు 21 లక్షలు. ఫోర్‌కే టీవీ తెర మీద ఉన్నవి దగ్గర దగ్గర 83 లక్షలు. అంటే వీసీడీ ఇచ్చే ఒక్కో చుక్కని టీవీ ఎనభై చుక్కలకి సాగదీయాలి. గిన్నెడు పిండితో పెళ్ళివారందరికీ అట్లు పోయమన్నట్టు. మా పాత 21 అంగుళాల డబ్బా టీవీలో ఇదే డిస్కు శుభ్రంగా కనిపించేదంటే కారణం డిస్కు గొప్పతనం కాదు, ఆ టీవీకి అంతకన్నా చూపించే సత్తా లేదు.

సరే, బ్లూరేకి మారిపోదాం అనుకుని విశాఖ వెళ్ళినప్పుడు ఒక సెకండ్ హ్యాండ్ బ్లూరే ప్లేయరు 4,500 పెట్టి తెచ్చాను. అప్పటికి ఇంట్లో బ్లూరే డిస్కు ఒక్కటీ లేదు. ఊరికే చూద్దామని పాత డీవీడీయే ఒకటి అందులో పెట్టాను. నిజం చెప్తున్నాను, అది కొత్త డిస్కేమో అనిపించింది. అదే సినిమా, అదే 34 రూపాయల డిస్కు! తేడా ఎక్కడొచ్చిందంటే వైరులో. పాత ప్లేయరుకి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు ఉండేవి కదా, ఆ ఒక్క పసుపు వైరులోనే రంగూ వెలుగూ రెండూ కలిపి పంపిస్తారు, టీవీ మళ్ళీ వాటిని విడదీసుకోవాలి. ఆ విడదీతలోనే అంచులు చెదిరిపోయి, ఎర్రచీర రంగు పక్కనున్న గోడకి అంటుకుంటుంది. హెచ్‌డీఎమ్‌ఐ వైరులో ఆ తలనొప్పి లేదు, పైగా బ్లూరే ప్లేయరే బొమ్మని సాగదీసి 1080 గీతలకి చేర్చి ఇస్తుంది. కాబట్టి ఎవరైనా సరే డిస్కుల మీద రూపాయి పెట్టేముందు ఇంకా పసుపు వైరే వాడుతున్నారేమో వెళ్ళి చూసుకోండి. నా సమస్యలో సగం అక్కడే తీరిపోయింది.

కానీ ఆ ప్లేయరు వీసీడీలు చదవదు. పెడితే కాసేపు గుర్రుమని తిరిగి, డిస్కు పనికిరాదని చెప్పి బయటికి తోసేస్తుంది. ఏ కంపెనీయో చెప్పను గానీ, డబ్బా మీద డీవీడీ, సీడీ అని రాసి ఉంటే వీసీడీ కూడా ఆడుతుందని నేనే ఊహించేసుకున్నాను. మీరు కొనేటప్పుడు ఒక వీసీడీ సంచిలో వేసుకుని వెళ్ళి షాపులోనే పెట్టి చూడండి. పాత ప్లేయరుని రిపేరు షాపుకి తీసుకెళ్తే మెకానిక్కు దాన్ని తిప్పి చూసి, "ఏటండి బాబూ, ఇంకా ఈటిని ఆడిస్తన్నారేటి?" అని నవ్వి, దాని లెన్సు పోయిందని చెప్పి, తన అటక మీదున్న హెచ్‌డీఎమ్‌ఐ డీవీడీ ప్లేయరు 900కి ఇచ్చాడు. వీసీడీ, ఎంపీత్రీ, గీతలు పడ్డవి, అన్నీ నమిలేస్తుంది. నేను కొన్నవాటన్నిటిలో గిట్టుబాటైన వస్తువు ఇదే.

డీవీడీలన్నీ ఒకటి కావు అన్నది కూడా ఈ టీవీ వచ్చాకే తెలిసింది. రెండు గంటల నలభై నిమిషాల సినిమా ఒక్కటే 8.5 జీబీ డిస్కులో ఉంటే సెకనుకి ఏడు మెగాబిట్ల దాకా సమాచారం బొమ్మకీ శబ్దానికీ దక్కుతుంది, అది పది అడుగుల దూరం నుంచి ఇప్పటికీ హాయిగా చూడొచ్చు. అవే మూడు సినిమాలు కలిపి 4.7 జీబీ డిస్కులో కుక్కితే, 'త్రీ ఇన్ వన్' అని ఎగబడి కొన్నాం కదా, ఒక్కో సెకనుకి 1.3 మెగాబిట్లు మిగులుతుంది. వీసీడీలో బొమ్మకి ఇచ్చేదే 1.15. అంటే పేరుకి డీవీడీ, లోపల మేత మాత్రం వీసీడీదే. పాటల్లో పూలు రాలుతున్నప్పుడూ, వానలో డ్యాన్సులప్పుడూ తెరంతా గళ్ళు గళ్ళుగా విడిపోతుంది చూశారా, అది అందుకే. నా దగ్గర ఇలాంటివి 30కి పైగా తేలాయి.

ఇంకో రకం ఉంది, సినిమాస్కోప్ సినిమాని పాత టీవీ ఆకారంలో పైనా కిందా నల్ల పట్టీలు పెట్టి డిస్కులోకి ఎక్కించినవి. వెడల్పు టీవీలో పెడితే నాలుగు పక్కలా నలుపే, మధ్యలో పోస్టుకార్డంత బొమ్మ. 576 గీతల్లో సినిమాకి దక్కేవి 327, మిగతాదంతా నలుపు ఆక్రమించుకుంటుంది. రిమోట్‌లో జూమ్ నొక్కితే నిండుగా వస్తుంది గానీ ఉన్న 327నే సాగదీస్తుంది, కొత్తగా పుట్టుకొచ్చేదేమీ ఉండదు. మార్చడానికి అర్హత ఉన్నవంటూ ఉంటే ముందు ఈ రెండు రకాలే.

మరి మారుద్దామంటే దేనికి మారాలి? మన తెలుగు సినిమాలు బ్లూరేలో వచ్చినవి తక్కువ. నా 312లో బ్లూరే దొరికినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హాలీవుడ్‌వి బోలెడు, అవి మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తూ మూడు తెచ్చాడు. రెండు ఆడాయి. మూడోది పెడితే ఈ ప్రాంతంలో ఆడదని తెర మీద ఒక ముక్క రాసి ఊరుకుంది. డిస్కులవాళ్ళు ప్రపంచాన్ని రీజియన్లుగా పంచుకున్నారు, అమెరికాది 'ఏ' రీజియన్, మన దేశానిది 'సి'. డీవీడీకైతే వాళ్ళది 1, మనది 5. ఫోర్‌కే బ్లూరేలకి ఈ సరిహద్దులు లేవు, ఎక్కడ కొన్నా ఆడతాయి, కానీ వాటికి వేరే ప్లేయరు కావాలి, నేను తెచ్చినదాంట్లో ఆడవు. పాపం వాడు, "మావయ్యా, ఇంకో నాలుగు పట్టుకొద్దామనుకున్నాను, అదృష్టం" అన్నాడు. అదృష్టం ఎవరిదో మరి.

ఆడిన ఆ రెండూ మాత్రం చూసి తీరాల్సినవే. బొమ్మ కన్నా నాకు ముందు తెలిసింది శబ్దం. డీవీడీలో డాల్బీ శబ్దాన్ని సెకనుకి 448 కిలోబిట్లకి పిండి పెడతారు, బ్లూరేలో శబ్దాన్ని ఏమీ కోయకుండా మొత్తంగా ఇచ్చే పద్ధతులున్నాయి. వర్షం సీనులో రేకు మీద చినుకు వేరు, ఆకు మీద చినుకు వేరు అని మొదటిసారి తెలిసింది. ఇక ఫోర్‌కే డిస్కు జోలికి నేను వెళ్ళలేదు. మా హాల్లో దివాన్ నుంచి టీవీకి పది అడుగులు. అంత దూరంలో 55 అంగుళాల తెర మీద బ్లూరేకీ ఫోర్‌కేకీ పదును తేడా కంటికి అందదు. వెలుగు నీడల్లో తేడా ఉంటుంది, హెచ్‌డీఆర్ అంటారు, కాదనను. దానికోసం ఇంకో ప్లేయరు కొనే ఓపిక నాకు లేదు. శాంసంగ్ 2019లోనే అమెరికా మార్కెట్‌కి కొత్త బ్లూరే ప్లేయర్లు ఆపేసింది, ఓప్పో అంతకు ముందే తప్పుకుంది. రేపు రిపేరుకొస్తే ఆ మెకానిక్కు అటక మీద దొరికే వస్తువు కాదు అది.

"ఓటీటీ ఉండగా ఈ బాధలెందుకు" అంటారు. నాకూ రెండు ఉన్నాయి. కొత్త సినిమాలకి అదే చాలు, ఆ మాటకొస్తే నా మామూలు డీవీడీల కన్నా బాగానే కనిపిస్తాయి. కానీ మా అమ్మకి కావలసిన 60ల నాటి సినిమాలు ఈ నెల ఉంటే వచ్చే నెల ఉండవు. యూట్యూబులో ఉన్నవాటికి మూలన లోగో, మధ్యలో వాషింగ్ పౌడరు.

పాతవాటి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. 'మాయాబజార్' 1957 నాటి నలుపు తెలుపు సినిమా. దానికి 2010లో రంగులేసి, తెర వెడల్పు చేసి, శబ్దాన్ని డీటీఎస్‌కి మార్చి మళ్ళీ విడుదల చేశారు. నేను హాల్లో చూశాను, బాగుంది, మా పిల్లలకి ఆ రంగుల్లోనే ఎక్కింది. అయినా నా నలుపు తెలుపు డిస్కు తీసెయ్యలేదు. కెమెరా పట్టిన వెన్నెల అది, తర్వాత వేసిన నీలం కాదు. పైగా మా ఊరి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల పాటల్ని పాత మోనో శబ్దంలో వింటేనే నా చెవికి ఆనుతుంది. ఇందులో లాజిక్ ఉందో లేదో నాకు తెలీదు. కొత్తది ఎంత బాగున్నా పాతదాని బదులు అది కాదు అన్న సినిమాలు ప్రతి బీరువాలోనూ రెండు మూడు ఉంటాయి, వాటిని మార్చకండి.

ఇంతా చేసి అసలు ప్రమాదంలో ఉన్నది సినిమాలే కాదని చివర్లో తెలిసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి బీరువాలోకి నీళ్ళు వెళ్ళాయి. కవర్లు డిస్కులకి అంటుకుపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో కూర్చుని ఒక్కోదాన్ని మంచినీళ్ళలో కడిగి, మధ్య నుంచి అంచుకి తుడిచి (గుండ్రంగా తుడవకూడదు) చాప మీద ఆరబెట్టాం. అప్పుడు బాగానే ఉన్నాయనుకున్నాను. మొన్న లెక్కపెడుతూ ఒక వీసీడీని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంటే అమావాస్య ఆకాశంలా చుక్కలు చుక్కలు. వీసీడీకి అల్యూమినియం పొర బొమ్మ అచ్చేసిన వైపే, పల్చటి లక్క కిందే ఉంటుంది. అటు గీత పడినా, తడి చేరినా, పొర ఊడిపోతుంది, ఇక కడిగినా లాభం లేదు. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాబట్టి అవి చాలావరకు బతికాయి.

బతకనిది మా పెళ్ళి డీవీడీ. 2006లో స్టూడియోవాళ్ళు రైటర్‌లో రాసి, పైన మా ఇద్దరి ఫోటో స్టిక్కరు అంటించి ఇచ్చిన రెండు డిస్కులు. ఇలా రైటర్‌లో రాసిన డిస్కులో సమాచారం రంగు పొరలో ఉంటుంది, అది ఏళ్ళ మీద వెలిసిపోతుంది. స్టిక్కరు ఒక పక్క లేచి డిస్కు వంగింది కూడా. మొదట ఊళ్ళో ఒక చోట పెన్‌డ్రైవ్‌లో వేసిస్తామంటే 600 ఇచ్చాను. వాళ్ళు చదివినంత చదివి, మళ్ళీ కుదించి, పాత టీవీ ఆకారాన్ని వెడల్పుకి సాగదీసి ఇచ్చారు. మా ఆవిడ చూసి, "నేను అప్పుడు ఇంత లావు లేను" అని రెండు రోజులు మాట్లాడలేదు, వాళ్ళతో కాదు, నాతో. తర్వాత పక్కింటి ఇంజనీరింగ్ అబ్బాయి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో రాత్రంతా కంప్యూటరులో తిప్పాడు. అది చదవలేని చోట మొండిగా ఆగిపోకుండా ముందు మంచి భాగమంతా లాగేసి, తర్వాత పాడైన చోటికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. జీలకర్ర బెల్లం వచ్చింది, సూత్రధారణ వచ్చింది. తలంబ్రాల దగ్గర నాలుగు నిమిషాలు పోయింది.

కాబట్టి నా తీర్పు ఇది: పెళ్ళి డీవీడీలా రైటర్‌లో రాసిన డిస్కులేమైనా ఉంటే సినిమాల సంగతి పక్కనపెట్టి ఈ వారమే కంప్యూటరులోకి ఎక్కించుకోండి, మూలంలో ఉన్నది ఉన్నట్టుగా, కుదించకుండా. సినిమాలకి హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న ప్లేయరు చాలు. మొత్తం మార్చడం దండగ, నేను మార్చింది 11 మాత్రమే, అవీ త్రీ ఇన్ వన్ బాపతు, అందులోనూ తొమ్మిదింటికి విడి డీవీడీలే కొన్నాను, రెండే బ్లూరేలు.

చుక్కలు పడిన 43 వీసీడీలు ఏం చెయ్యాలా అనుకుంటుంటే గజపతినగరం నుంచి మా బావ వచ్చాడు. "పారేసీవైతే నాకియ్యి, మొక్కజొన్న చేనికి కట్టుకుంతాను" అన్నాడు. ఎండకి తళతళ మెరుస్తుంటే చిలకలు వాలడం లేదట, సంతోషించాను. మొన్న శనివారం బాగున్న వీసీడీల్లోంచి ఒకటి తీసి కొత్త ప్లేయరులో పెట్టాం, ఇంటర్వెల్ దాకా జామ్మని నడిచింది. రెండో డిస్కు కోసం డబ్బా తెరిస్తే ఖాళీ. బావకి ఫోన్ చేస్తే, "చేలో ఏదో కర్రకి ఉంటాదిలే, కోతలయ్యాక ఎతికి ఇత్తాను" అన్నాడు. కోతలకి ఇంకా రెండు నెలలుంది.