మంచి మాటకు వజ్రాలు అడిగే డేటింగ్ సిమ్‌లు: కొనేముందు ఇవి చూసుకోండి

డేటింగ్ సిమ్, అంటే కథలోని పాత్రలతో మాట్లాడుతూ ప్రేమను పెంచుకునే వీడియో గేమ్, కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఈమధ్య నేనొక ఆట పూర్తి ధర పెట్టి కొన్నాను. "మీరు పలికే ప్రతి మాటా కథను మారుస్తుంది" అని స్టోర్ పేజీలో పెద్దక్షరాల్లో రాసుకున్నారు. నేను మోసపోయాను. ఆట పేరు కావాలనే రాయడం లేదు. ఇదే తీరున నడిచే ఆట మీకు రేపు వేరే పేరుతో ఎదురైనా గుర్తుపట్టగలగాలని నా తాపత్రయం.

మొదటి నాలుగు అధ్యాయాలు చాలా బాగున్నాయి, కాదనను. అందులో వయొలిన్ నేర్చుకునే అమ్మాయి ఒకతె ఉంటుంది. పొగిడితే ముడుచుకుపోతుంది. "ఇవాళ అక్కడెందుకు ఆపేశావు?" అని అడిగితే మాత్రం ముఖం వెలిగిపోతుంది. అంటే ఆమెకు మెప్పు అక్కర్లేదు, శ్రద్ధగా వినేవాళ్లు కావాలి. అది కనిపెట్టి, దానికి తగ్గ మాట ఎంచుకున్నప్పుడు కలిగే సంతోషం కోసమే నేను ఈ ఆటలు ఆడతాను.

ఐదో అధ్యాయంలో, ఒక రాత్రి డాబా మీద, చనిపోయిన అన్నయ్య గురించి చెప్పడం మొదలుపెడుతుంది. సగంలో గొంతు పూడుకుపోయి ఆగిపోతుంది. తెర మీద మూడు ఆప్షన్లు వచ్చాయి. "బాధపడకు, అన్నీ సర్దుకుంటాయి" అన్నది ఉచితం. "పొద్దుపోయింది, రేపు మాట్లాడుకుందాం" అన్నదీ ఉచితమే. మూడోది, ఏమీ మాట్లాడకుండా ఆమె పక్కన కూర్చోవడం. దానికి తాళం బొమ్మ, పక్కన 20 వజ్రాలు. వజ్రాలంటే అసలు డబ్బు పెట్టి కొనాల్సిన ఆటలోని నాణేలు.

ఆ క్షణంలో చేయాల్సింది ఆ మూడోదేనని నాలుగు అధ్యాయాలుగా నాకు నేర్పింది ఆ ఆటే. నేర్చుకున్నాక దానికే తాళం వేసింది. నేను వజ్రాలు కొన్నాను. ఆ తర్వాత ప్రతి అధ్యాయంలోనూ రెండు మూడు చోట్ల ఇదే తంతు. మనసున్న మాటకు వెల, మొరటు మాట ఉచితం. ఆటకు పెట్టినదానికి దాదాపు రెండింతలు వజ్రాలకే పోయింది.

ఇంతకన్నా ఘోరం తర్వాత తెలిసింది. అనుమానం వచ్చి ఇంకో ఖాతాతో మొదటినుంచి ఆడాను. డాబా మీద ఈసారి ఉచితంగా ఉన్న మాటే నొక్కాను. ఆమె ఒక్క వాక్యం వేరుగా అంది, అంతే. తర్వాతి సంభాషణ, మర్నాటి సన్నివేశం మాటకు మాట అవే. మారిందల్లా పైన గుండె బొమ్మ పక్కనున్న అంకె. అది తక్కువైతే ఎండింగ్ రాదు, పెంచుకోవాలంటే మళ్లీ వజ్రాలే. ప్రతి మాటా కథను మారుస్తుందన్న ఆ ప్రకటనలో నిజమింతే.

ఈ సంగతి ముందే కనిపెట్టకుండా సేవ్ సౌకర్యం కూడా తీసేశారు. ఉన్నది ఆటే తనంతట తాను చేసుకునే ఒకే ఒక్క ఆటోసేవ్. విజువల్ నావెల్స్, అంటే బొమ్మలతో చదువుకుంటూ పోయే ఇలాంటి కథల ఆటలు, ఎన్నో రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్‌తో తయారవుతాయి. అందులో ఎక్కడైనా సేవ్ చేసుకోవడం, చదివిన సంభాషణను వెనక్కి తిప్పుకోవడం మామూలుగానే ఉంటాయి. అలాంటి కథల ఆటలో చేత్తో సేవ్ చేసే వీలు లేదంటే, ఎందుకు లేదో కాస్త గట్టిగా ఆలోచించండి.

ఈ ఆటలంటేనే డబ్బు గుంజేవని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1994లో వచ్చిన టోకిమెకి మెమోరియల్‌లో ఒకరి వెంటే తిరుగుతూ మిగతావాళ్లను పట్టించుకోకపోతే వాళ్ల పేరు పక్కన బాంబు బొమ్మ వస్తుంది. అది పేలితే అందరికీ మన మీద మనసు విరుగుతుంది. కఠినమే, కానీ మన నడవడికి వచ్చిన ఫలితం అది. వ్యవసాయం ఆట స్టార్‌డ్యూ వ్యాలీలో ఒకరితో స్నేహం 8 గుండెలు నిండాక, ప్రేమ తెలపడానికి పూలగుత్తి ఇవ్వాలి. అది ఆటలో పండించి సంపాదించిన డబ్బుతో కొనేదే. మిస్టిక్ మెసెంజర్ అనే ఫోన్ ఆటలో, సమయానికి చూడక తప్పిపోయిన చాట్‌లు తెరవడానికి అవర్‌గ్లాస్‌లు అనే ఆట నాణేలు ఖర్చవుతాయి, నిజమే. కానీ చాట్‌లో ఉండగా మనమిచ్చే జవాబుకు వెల లేదు. ఓపికకు వెల కట్టడం నేను సహిస్తాను. దయగా మాట్లాడటానికి వెల కడితే సహించలేను.

రీఫండ్ అడిగాను, ఆడిన సమయం ఎక్కువైందని కుదరదన్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో నియమం ఇది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటేనే అడగాలి. కథ నెమ్మదిగా చదివే నాలాంటివాళ్లకు రెండు గంటలంటే రెండో అధ్యాయం. నేను కొన్న ఆటలో మొదటి తాళం కనబడింది మూడో గంట దాటాక.

అందుకే కొనేముందే చూసుకోండి. స్టీమ్ పేజీలో కుడివైపు సౌకర్యాల జాబితాలో ఇన్-యాప్ పర్చేజెస్ (ఆట లోపల మళ్లీ డబ్బు పెట్టి కొనేవి) అని ఉందేమో చూడండి. ఫోన్‌లో అయితే ప్లే స్టోర్‌లో ఇన్‌స్టాల్ బటన్ దగ్గరే ఆ మాట ఉంటుంది. యాప్ స్టోర్‌లో కిందికి వెళ్తే ఏ మూట ఎంతో ధరలతో సహా కనిపిస్తుంది. దుస్తులు, అదనపు కథలు అమ్మితే అది వేరు. వజ్రాలు, నాణేలు, టికెట్లు మూటలుగా అమ్ముతుంటే మాత్రం ఆగండి. రివ్యూల్లో మొదటి గంట ఆడి మెచ్చుకున్నవి వదిలేసి, పది గంటలు దాటినవాళ్లు రాసినవి చదవండి. స్టీమ్‌లో ఎన్ని గంటలు ఆడారో రివ్యూ పక్కనే ఉంటుంది. ఎవరైనా ఆడుతూ తీసిన వీడియో దొరికితే నేరుగా మధ్య అధ్యాయాలకు వెళ్లి, ఆప్షన్ల పక్కన తాళాలున్నాయేమో వెతకండి.

ఇంకొక్క మాట, ముఖ్యంగా ఒంటరితనంలో ఈ ఆటలు మొదలుపెట్టినవాళ్లకు. నేను రెండు రోజులు ఆట తెరవకపోతే ఆ అమ్మాయి పేరుతోనే ఫోన్‌కు నోటిఫికేషన్ వచ్చింది: "నన్ను మర్చిపోయావా?" నొక్కితే నేరుగా వజ్రాల దుకాణం తెరుచుకుంది, 24 గంటల తగ్గింపుతో. అన్నయ్యను పోగొట్టుకున్న పిల్లగా మనకు దగ్గర చేసిన పాత్ర చేత ఆ మాట అనిపించారు. నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి, కోపంతో. ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. కార్డు వివరాలు ఆటలో దాచి ఉంటే ఇప్పుడే తీసేయండి.

నేను తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆపేశాను. ఆమె చివరి కచేరీలో వాయించిందో లేదో నేను చూడలేదు.