బొల్లి మచ్చకు పూత మందు చాలా, సూదులు కూడా కావాలా?

సన్నటి సూదులతో బొల్లి మచ్చ మీద గుచ్చి, వెంటనే మందు రాసే మైక్రోనీడ్లింగ్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఉత్త పూత కంటే ఇది మేలా? మచ్చ ఎక్కడుంది, పెరుగుతోందా ఆగిపోయిందా అన్నది చూడకుండా జవాబు చెప్పలేం.

ముఖం, మెడ మీదైతే ముందు పూతే. టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ (చర్మంలో రోగనిరోధక శక్తి దాడిని అణిచే మందు) అక్కడ బాగా పనిచేస్తుంది. వారానికి రెండు మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ లైట్ (ఒకరకం అతినీలలోహిత కాంతి) కూడా పెట్టించుకుంటే ఇంకా మంచిది. నెలల తరబడి ఓపిక పట్టాలి, అంతే.

వేళ్లు, పాదాల సంగతి వేరు. రంగు కణాలు తిరిగొచ్చేది ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల నుంచి. వేళ్లు, పాదాల మీద ఆ కుదుళ్లే తక్కువ. పూత రాసీ రాసీ విసిగిపోయేది ఇక్కడే, సూదులు అక్కరకొచ్చేదీ ఇక్కడే. మత్తు క్రీమ్ రాసి, డెర్మాపెన్ అనే, సూదులున్న పెన్నులాంటి పరికరంతో మచ్చ అంచు దాటి కాస్త మామూలు చర్మం మీదా గుచ్చుతారు, అంచున ఉన్న రంగు కణాలు లోపలికి చేరాలని. రక్తం సూదిమొనంత చుక్కలుగా కనబడగానే ఆపి మందు రాస్తారు. సాధారణంగా రెండు వారాలకోసారి చేస్తారు.

ఏ మందు? ఈజిప్టులో 25 మందికి ఒక మచ్చపై సూదులతో 5-ఫ్లోరోయురాసిల్ (ఒక క్యాన్సర్ మందు), ఇంకో మచ్చపై సూదులతో టాక్రోలిమస్ వాడి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో మొదటిదానితో 48 శాతం మచ్చలు చాలా బాగా రంగు తేలాయి, రెండోదానితో 16 శాతమే. చేతులు, కాళ్ల చివర్లలో టాక్రోలిమస్‌తో అంత బాగా తేలిన మచ్చ ఒక్కటీ లేదు. చిన్న పరిశోధనే అయినా, వేళ్ల మీది మచ్చలకు నేను 5-ఫ్లోరోయురాసిల్ వైపే మొగ్గుతాను. అయితే వాపు, పుండ్లు, మరీ నల్లబడటం కనిపించింది కూడా దానితోనే. క్యాన్సర్‌కు వాడే మందు కాబట్టి గర్భిణులకు అసలే వద్దు.

కొత్త మచ్చలు పుడుతుంటే మాత్రం సూదుల జోలికే పోవద్దు. గీసుకున్నచోట, దెబ్బ తగిలినచోట కొత్త మచ్చ లేచే గుణం బొల్లికుంది. ఏడాదిగా మచ్చలు అలాగే ఉన్నాయా అని డాక్టర్లు గుచ్చి గుచ్చి అడిగేది అందుకే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సూదుల రోలర్ కొని ఇంట్లో రుద్దుకుంటే ఆ ప్రమాదానికి ఇన్‌ఫెక్షన్ కూడా తోడవుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడి ఉంటే పూతైనా, సూదులైనా ఫలితం అంతంతమాత్రమే. అలాంటి మచ్చ పెరగకుండా ఆగి ఉంటే, గ్రాఫ్టింగ్ (మామూలు చర్మాన్నో, రంగు కణాలనో తెచ్చి మచ్చ మీద అతకడం) కుదురుతుందేమో చర్మ డాక్టర్ని అడగండి.