శుభలేఖలు అచ్చు వేయిస్తున్నారా? ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ఇది తప్పక చదవండి

మా అక్క పెళ్లి ఈ నెల 18న, బుధవారం రాత్రి 1.42కి. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది బుధవారం ముహూర్తమే. గడియారం లెక్కలో మాత్రం అప్పటికి 19 వచ్చేస్తుంది. అందుకే కార్డులో ‘బుధవారం రాత్రి 1.42 గంటలకు (తెల్లవారితే గురువారం)’ అని వేస్తారు. పంతులుగారి లగ్నపత్రిక చూసి మేమూ అలాగే రాసిచ్చాం.

కాచిగూడ వైపు ఒక దుకాణంలో 500 కార్డులు, ఒక్కోటి 38 రూపాయలు. వాట్సాప్‌లో ప్రూఫ్ పంపారు. నాన్న, నేను అక్షరం అక్షరం చదివి ఓకే చెప్పాం. వారానికి కట్టలు సిద్ధమన్నారు. మిగతా డబ్బు కట్టేశాను. పైనున్న కార్డు మీద వినాయకుడి బొమ్మ, బంగారు రంగు చూసి బాగుందనుకున్నాను, లోపల చదవలేదు. టైం లేదని బాబాయ్ దుకాణం దగ్గరే 60 కార్డులు తీసుకుని అటునుంచి అటే ఖమ్మం బస్సెక్కారు.

ఇంటికొచ్చాక అమ్మ మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టబోతూ చదివింది. ‘19వ తేదీ గురువారం రాత్రి 1.42’ అని ఉంది. ఆ కార్డు నమ్ముకుని వస్తే పెళ్లయిన మర్నాడు రాత్రి ఖాళీ మండపం చూస్తారు. పైగా ‘జ్యేష్ఠ పుత్రిక’ కాస్తా ‘జ్యేష పుత్రిక’ అయింది. అమ్మ అలాగే కూర్చుండిపోయింది.

తర్వాత తెలిసింది అసలు సంగతి. మనం ఫోన్‌లో పంపే తెలుగు అక్షరాలు యూనికోడ్ అనే పద్ధతిలో ఉంటాయి. కంప్యూటర్‌లో టైప్ చేసి మ్యాటర్ సిద్ధం చేసే డీటీపీ షాపుల్లో చాలావాటిలో ఇప్పటికీ దానితో కలవని పాత అను ఫాంట్లే. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. మేం ఓకే చెప్పిన తర్వాత ప్రెస్‌లో ఇంకో కుర్రాడు ఫైల్ తెరిచాడు. చెదిరిన లైన్లు మళ్లీ టైప్ చేస్తూ, ‘పన్నెండు దాటితే మర్నాడే కదా’ అని తేదీ, వారం కూడా తనే మార్చేశాడు. ఒక్క ఫోన్ చేసి అడగలేదు.

యజమానిని అడిగితే ‘ప్రూఫ్ మీరే ఓకే చేశారుగా’ అన్నాడు. మేం ఓకే చేసింది వేరు, అచ్చయింది వేరు అని చాట్ చూపిస్తే, స్టిక్కర్లు వేసిస్తానన్నాడు. శుభలేఖలో ముహూర్తం మీద స్టిక్కరా? అమ్మ ఒప్పుకోలేదు. డబ్బు తిరిగివ్వలేదు. మా దగ్గరున్నది బిల్లు కాదు, తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేట్. చాట్, యూపీఐ రసీదులు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ఇంకా తేలలేదు.

డబ్బు కన్నా బాబాయ్ పడ్డ అవస్థే ఎక్కువ బాధించింది. బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి ‘తేదీ తప్పు పడింది’ అని మెసేజ్ పెట్టి ఊరుకోలేం కదా. ముందు అందరికీ ఫోన్లు చేసి, కొత్త కార్డులతో మళ్లీ గడప గడపకీ వెళ్లొచ్చారు.

ఆ కొత్త కార్డులు పాతబస్తీ ఛత్తా బజార్‌లో వేయించాం. అక్కడాయన అసలు కార్డు మీదే ఒకటి అచ్చు తీసి, నాన్నతో తేదీ వేయించి సంతకం పెట్టించుకున్నాకే మిగతావి మొదలుపెట్టాడు. మీరూ అదే అడగండి. ఫోన్‌లో వచ్చే ప్రూఫ్ సరిపోదు. కాగితం మీది ప్రూఫ్‌ని, ఆ మ్యాటర్ రాయని మనిషితో పైకి చదివించండి, రాసినవాళ్ల కంటికి తప్పు ఆనదు. రాత్రి ముహూర్తమైతే ‘18 బుధవారం రాత్రి, తెల్లవారితే 19 గురువారం’ అని రెండు తేదీలూ వేయించండి. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. మిగతా డబ్బు కట్టలు విప్పి చదివాకే ఇవ్వండి.

ఆ దుకాణంలో ఈ ముహూర్తాలకే ఇంకా చాలామంది ఆర్డర్లు ఉన్నాయి, నా కళ్లతో చూశాను. కాచిగూడ వైపు కార్డులు వేయించుకుని కట్టలు ఇంట్లో పెట్టుకున్నవాళ్లు, పంచడం మొదలుపెట్టకముందే ఈ రాత్రికి ఒక కట్ట విప్పి లగ్నపత్రిక పక్కన పెట్టి చదవండి.