హెలిక్స్ హెచ్‌ఎక్స్5, హెలిక్స్ అల్ట్రా: మన ఎండలకు ఏ ఇంజిన్ ఆయిల్?

షెల్ కంపెనీ కార్ల కోసం అమ్మే ఇంజిన్ ఆయిళ్లలో హెలిక్స్ హెచ్‌ఎక్స్5 మినరల్ ఆయిల్, హెలిక్స్ అల్ట్రా పూర్తి సింథటిక్. మొదటిది ముడిచమురును శుద్ధి చేయగా వచ్చిన నూనె. రెండోదానికి ఆధారం ఖతార్‌లోని పెర్ల్ కర్మాగారంలో సహజవాయువు నుంచి తీసే బేస్ ఆయిల్, అంటే ఇంజిన్ ఆయిల్‌కు మూలమైన నూనె. అయితే సింథటిక్ అని రాసి ఉన్న ప్రతి డబ్బా ఇలాంటిది కాదు. ముడిచమురునే హైడ్రోక్రాకింగ్‌తో, అంటే హైడ్రోజన్ సాయంతో అణువులను విడగొట్టి, మరింత శుద్ధి చేసిన నూనెలను కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. అల్ట్రాకు చాలా ఎక్కువ ధర పెట్టాలి.

డబ్బా మీద చిక్కదనాన్ని తెలిపే గ్రేడ్లలో, హెచ్‌ఎక్స్5లో 15డబ్ల్యూ-40ని, అల్ట్రాలో 5డబ్ల్యూ-40ని పక్కపక్కన పెట్టి చూద్దాం. చివరి అంకె రెండింటికీ 40 కాబట్టి, 100 డిగ్రీల వేడిలో రెండూ ఒకే చిక్కదనపు తరగతికి చెందుతాయి. తేడా చలిలోనే: 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. లంబసింగిలో కూడా అంత చలి ఉండదు. కనుక చలిలో సులువుగా స్టార్ట్ అవుతుందన్న ప్రచారాన్ని చూసి మనం అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

మనకు అసలు పరీక్ష వేడి. మినరల్ ఆయిల్‌లో అణువులు రకరకాల పరిమాణాల్లో ఉంటాయి. తేలికైనవి వేడికి ఆవిరైపోగా, మిగిలినది ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా చిక్కబడి, చివరికి ఇంజిన్ లోపల మడ్డిగా పేరుకుంటుంది. మే నెల ఎండలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో మొదటి గేరులోనే నడిచే కారుకు మీటరు మీద కిలోమీటర్లు తక్కువే కనిపించినా, ఇంజిన్ మాత్రం గంటల తరబడి తిరుగుతూనే ఉంటుంది. టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే వేగంగా వచ్చి వెంటనే ఇంజిన్ ఆపేస్తే, కాలిపోతున్న టర్బో బేరింగుల దగ్గర నిలిచిపోయిన నూనె మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఇక్కడ అల్ట్రా స్పష్టంగా మెరుగు. కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకం 5డబ్ల్యూ-40ని అనుమతించే టర్బో పెట్రోల్ కారుకు నేను మరో ఆలోచన లేకుండా దీన్నే చెబుతాను.

డిప్‌స్టిక్ (నూనె మట్టం చూసే కడ్డీ) తీసి, నూనెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, నల్లబడింది కాబట్టి మార్చేయాలని చెప్పే మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. మసిని తనలో పట్టి ఉంచే డిటర్జెంట్లు పనిచేస్తున్నాయనడానికి కూడా ఆ నలుపే గుర్తు. మార్చే సమయాన్ని నిర్ణయించవలసినవి కిలోమీటర్లు, నెలలు.

మాన్యువల్‌లో 15డబ్ల్యూ-40 అని ఉన్న, టర్బో లేని పాత ఇంజిన్‌కు 5,000 కిలోమీటర్లకోసారి ఫిల్టర్‌తో సహా మార్చేవారికి హెచ్‌ఎక్స్5 చాలు. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు కూడా తిరగని కారులో అల్ట్రా పోస్తే, దాని ఎక్కువ మన్నిక చాలావరకు వృథా అవుతుంది, ఎందుకంటే ఏ ఆయిలైనా ఏడాదికోసారి మార్చడమే మంచిది.

చాలా కొత్త పెట్రోల్ కార్ల మాన్యువల్ 0డబ్ల్యూ-20 లేదా 0డబ్ల్యూ-16 అడుగుతుంది. పొగగొట్టంలో మసి ఫిల్టర్ ఉండే బీఎస్6 డీజిల్ కార్లలో చాలావాటికి, ఆ ఫిల్టర్ బూడిదతో పూడిపోకుండా, యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ నిర్ణయించిన సీ3 వంటి తక్కువ బూడిద రకం కావాలి. అలాంటి కార్లలో పైన పోల్చిన రెండు నూనెల్లో ఏదీ పోయకూడదు.