పియర్స్-యారో దారా, ప్యాకార్డ్ దారా: ఏది మేలు?

1929 తర్వాత అమెరికాలో ఖరీదైన కార్లు కొనేవాళ్లు కరువయ్యారు. పియర్స్-యారో, ప్యాకార్డ్ రెండూ గొప్ప పేరున్న కంపెనీలే. రెండూ ఒకే ఇరకాటంలో పడ్డాయి, పట్టిన దారులు మాత్రం వేరు.

బఫెలో నగరంలో పియర్స్ వాళ్లు మొదట్లో పక్షుల పంజరాలు, ఆ తర్వాత సైకిళ్లు చేసేవారు. 1901లో కార్లలోకి దిగి, పదేళ్లు తిరక్కుండానే వైట్‌హౌస్ గుమ్మం ఎక్కారు. అధ్యక్షులు టాఫ్ట్, విల్సన్ వీళ్ల కార్లలో తిరిగారు. మాంద్యం ముంచుకొచ్చినా చవక కారు జోలికి పోలేదు. 1933లో ‘సిల్వర్ యారో’ పేరుతో, ఒక్కోటి 10,000 డాలర్ల ఖరీదులో అయిదంటే అయిదే చేశారు. వెనక చక్రాలు సగానికి పైగా కప్పేసి, స్పేర్ టైర్లను ముందు ఫెండర్ల (మడ్‌గార్డుల) లోపల దాచేశారు. ఎంత అందమైన కారో! కానీ అందం జీతాలివ్వదు కదా. 1938లో కంపెనీ మూతపడింది.

డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ మెట్టు దిగింది. 1935లో ‘వన్ ట్వంటీ’ తెచ్చింది, ధర 980 డాలర్ల నుంచి. చవక కదా అని నాసిరకంగా చేయలేదు. హైడ్రాలిక్ బ్రేకులు, ముందు చక్రాలకు వేటికవి విడి సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే అమరిక) దీనికే ముందు వచ్చాయి. ప్యాకార్డ్ పెద్ద కార్లు వాటికోసం 1937 దాకా ఆగాల్సి వచ్చింది! 1934లో పది వేల కార్లు కూడా చేయలేని కంపెనీ, 1937లో లక్షా ఇరవై వేలు దాటింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలకు మెర్లిన్ ఇంజన్లు వేలకు వేలు చేసింది కూడా ఈ ప్యాకార్డే.

వన్ ట్వంటీయే ప్యాకార్డ్ పరువు తీసి కొంప ముంచిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అది లేకపోతే ప్యాకార్డ్ కూడా పియర్స్-యారో వెనకాలే పోయేది. తేడా కొట్టింది ఆ తర్వాత. 1937లో ఇంకా చవకగా, 800 డాలర్లలోపే ఆరు సిలిండర్ల కారు దించారు. అదే పేరు, అదే భుజాలున్న రేడియేటర్ గ్రిల్. కోటీశ్వరుడి కారుకూ గుమాస్తా కారుకూ ముఖం ఒకటే అయిపోయాక, ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? యుద్ధం తర్వాత డబ్బున్నవాళ్లు పోటీ కంపెనీ క్యాడిలాక్ వైపు మళ్లారు. 1954లో, అప్పటికే నష్టాల్లో ఉన్న స్టూడీబేకర్ అనే మరో కార్ల కంపెనీని ప్యాకార్డ్ కొనడంతో పరిస్థితి ఇంకా దిగజారింది. 1956లో డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ ఆగింది. చివరి రెండేళ్లు స్టూడీబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు. 1958తో ఆ పేరూ పోయింది.

అయినా నా ఓటు ప్యాకార్డ్ దారికే. ఆ దారిలో ఇరవై ఏళ్ల అదనపు ఆయుష్షు, వేలమందికి పని దొరికాయి. కాకపోతే చవక కారుకు వేరే పేరు పెట్టి ఉండాల్సింది. క్యాడిలాక్ చేసింది అదే: కాస్త తక్కువ ధర కార్లను 1927 నుంచి ‘లసాల్’ పేరుతో అమ్మి, 1940లో ఆ పేరును ఆపేసింది. క్యాడిలాక్ పేరుకు మచ్చ పడలేదు.