గ్వాంగ్జులో పిడికిలన్నం

కొరియాలో ఉన్న మనవాళ్లెవరైనా గ్వాంగ్జు వెళ్తే యాంగ్‌డాంగ్ మార్కెట్ వెనక సందులో ఒక చిన్న కొట్టు ఉంది, అక్కడ జుమొక్‌పాప్ తినకుండా రావద్దు. జుమొక్ అంటే పిడికిలి, పాప్ అంటే అన్నం. నాలుగే బల్లలు. పొయ్యి దగ్గర డెబ్బై దాటిన ఒక అవ్వ.

ముందు తిండి సంగతి. పొగలు కక్కే అన్నంలో ఉప్పు, నువ్వుల నూనె, దోరగా వేయించిన నువ్వులు వేసి కలుపుతుంది. చేతులు ఉప్పునీళ్లలో ముంచి, అన్నం ఇంత తీసుకుని, మూడుసార్లు తిప్పి ఒక్కసారి నొక్కుతుంది. అంతే. ఎక్కువ నొక్కితే పిండిముద్దయిపోతుంది, తక్కువైతే నోటిదాకా రాకముందే విడిపోతుంది. ఆవిడ చేసింది కొరికితే మెతుకు మెతుకూ తెలుస్తుంది. మూడు ముద్దల పళ్లెం 6,000 వాన్‌లు. శాకాహారులు ముందే చెప్పాలి, ఎందుకంటే పక్కనిచ్చే సూప్ ఎండుచేపలతో కాచింది. మేం వెళ్లినరోజు ఆ సూప్ చల్లారిపోయి ఉందని నాతో వచ్చిన పక్కింటావిడ అంది. అదొక్కటే లోటు.

గొడ్డుమాంసం ముద్ద, కిమ్చి ముద్ద కూడా ఉన్నాయి గానీ ఉత్త ఉప్పు ముద్దే అడగండి. 1980 మే నెలలో ఈ ఊళ్లో జనానికి పంచింది దాన్నే. మే 17 అర్ధరాత్రి సైనిక శాసనాన్ని, అంటే మార్షల్ లాని, దేశమంతటికీ పెంచారు. మర్నాడు ఇక్కడ విద్యార్థుల మీద సైన్యం పడింది. 21న ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం ముందు జనం మీద కాల్పులు జరిపింది. తర్వాత సైన్యం ఊరి బయటికి తగ్గి, దారులు మూసేసి కూర్చుంది. 27 తెల్లవారుజామున మళ్లీ లోపలికి వచ్చేదాకా ఊరిని ఊరివాళ్లే చూసుకున్నారు. ఆసుపత్రుల దగ్గర రక్తమివ్వడానికి వరసలు కట్టారు. యాంగ్‌డాంగ్, దేయిన్ మార్కెట్లలో కూరగాయలూ చేపలూ అమ్ముకునే ఆడవాళ్లు అన్నం వండి, ముద్దలు చుట్టి, ట్రక్కుల్లో తిరిగే కుర్రాళ్ల చేతుల్లో పెట్టారు.

నేను ఇంతదూరం ఒక ముద్ద కోసం వెళ్లడానికి కారణం వేరే. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నరకి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో మార్షల్ లా ప్రకటించినప్పుడు మేం రాజధాని సియోల్ దగ్గరి సువాన్‌లో మా ఇంట్లో ఉన్నాం. మావారు లేచి వెళ్లి తలుపు గడియ మళ్లీ చూసొచ్చారు. నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఎమర్జెన్సీ పోయి ఎన్నేళ్లయినా, రాజకీయం మాటొస్తే కిటికీ మూసి గొంతు తగ్గించేవారాయన. "మనవల్ల ఏమవుతుంది, ఊరుకో" అన్నది ఆయన నోట వినీ వినీ పెరిగాను. ఆ రాత్రి అదే మాట నా నోట వచ్చింది. పక్కింటావిడ, నేను ఒన్ని అంటాను, మన అక్క లాగా, కోటు తగిలించుకుని పార్లమెంటుకి బయల్దేరింది. ఒంటిగంటకి సభలోకి చేరుకోగలిగిన 190 మందీ మార్షల్ లా ఎత్తేయాలని ఓటేశారు. నాలుగున్నరకి ఎత్తేశారు.

ఆ శనివారం, 7న, అభిశంసన ఓటింగు. అధికార పక్షంలో దాదాపు అందరూ బయటికి నడిచారు. 200 మంది ఓటేయాలి, 195 మందే వేశారు. తీర్మానం చెల్లలేదు. ఒన్ని ఆ రాత్రి మా వంటింట్లో నేలమీద కూలబడి "ఇంక లాభం లేదు" అంది. మార్షల్ లా నాడు పార్లమెంటు దగ్గర సైనికుల తుపాకుల ఎదురుగా నిలబడ్డ రాత్రి లేని నీరసం ఆ రోజు ఆవిడ ముఖంలో చూశాను. భయం ఆవిణ్ణి ఆపలేదు, ఈ మాట ఆపేసేలా ఉంది. అది మా నాన్న మాటే.

నేను వీసా మీద ఉన్నదాన్ని, సభలకి వెళ్లలేను. మరుసటి శనివారం పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. ఇక్కడి బియ్యం జిగురు, ముద్దలు చక్కగా నిలిచాయి. ఇరవై నాలుగు చుట్టి, పేపర్లో పొట్లం కట్టి, ఒన్ని తలుపు కొట్టాను. తను వెళ్లనని పడుకుని ఉంది. పొట్లం చూసి లేచింది. ఆ రోజుల్లో పార్లమెంటు దగ్గరి కాఫీ కొట్లలో, తిండి కొట్లలో, రాలేనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో ముందుగా డబ్బు కట్టి ఉంచారట, వచ్చినవాళ్లు ఊరికే తినేలా. అందులో నా ముద్దలూ కలిశాయి. 14న 204 ఓట్లతో తీర్మానం నెగ్గింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానంలో ఎనిమిది మంది జడ్జీలూ ఒక్కమాటగా ఆయన్ని పదవి నుంచి తీసేశారు.

మే నెలలో ఒన్నియే నన్ను గ్వాంగ్జు తీసుకొచ్చింది. అవ్వకి 1980లో ఇరవై ఆరేళ్లట, వీపున పసిబిడ్డ. భయం వేయలేదా అని అడిగాను.

"ఎందుకు వేయదు? బియ్యం నానబోశాం కదా మరి, వండాలి" అంది.

ఒన్ని ఆవిడకి నా పులిహోర సంగతి చెప్పింది. చింతపండు, ఆవాలు అని చెప్తే ముక్కు చిట్లించి, ఉప్పునీళ్ల గిన్నె నా ముందుకి జరిపి చెయ్యమంది. చుట్టాను. "అంత నొక్కకు" అని నా వేళ్లు పట్టుకుని వదులు చేసింది. రెండోది కుదిరింది. దాన్ని పళ్లెంలో పెట్టి పక్క బల్ల మీదున్న కాలేజీ పిల్లలకి ఇచ్చింది.

ఆదివారాలు కొట్టు మూస్తుంది. మధ్యాహ్నం రెండు దాటితే అన్నం అయిపోతుంది, పెందలాడే వెళ్లండి.