తెరచాప పడవలో కాపురం: మెరీనాలోనా, లంగరు మీదా?

పడవనే ఇల్లు చేసుకుని తీరం వెంబడి తిరిగేవారికి సాయంత్రమయ్యేసరికి ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఈ రాత్రి మెరీనాలో, అంటే అద్దె కట్టి పడవలు నిలుపుకునే రేవులో కట్టేయాలా, గాలి చాటున లంగరు దించాలా?

మెరీనా సుఖం గురించి చెప్పక్కర్లేదు. తీగ తగిలిస్తే కరెంటు, గొట్టం పెడితే మంచినీళ్లు. అద్దె మాత్రం సాధారణంగా పడవ పొడవును బట్టి ఉంటుంది, రెండు పొట్టలుండే వెడల్పాటి పడవ కాటమరాన్‌కు చాలాచోట్ల అదనం. బిల్లులో కనిపించని ఖర్చు మరొకటి ఉంది. ఒడ్డు కరెంటులోని ఎర్త్ తీగ మన పడవను పక్క పడవలన్నిటితో కలిపేస్తుంది. చుట్టూ ఉప్పునీరే కాబట్టి అంతా కలిసి బ్యాటరీలా పనిచేస్తుంది. మన ప్రొపెల్లర్‌ను కాపాడాల్సిన జింకు దిమ్మ ఇరుగుపొరుగు లోహాలను కాపాడుతూ కరిగిపోతుంది. ఎర్త్ తీగలో ఈ చిన్న కరెంటును ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ అనే పరికరం లేకుండా నెలల తరబడి ప్లగ్గు ఉంచేయడం నా దృష్టిలో తెలివితక్కువతనం.

లంగరు మీద చాలాచోట్ల అద్దె ఉండదు. గాలి ఎటునుంచి వస్తే పడవ అటే ముక్కు తిప్పుకుంటుంది కనుక లోపల ఉక్కపోయదు. కానీ లెక్క తప్పకూడదు. లోతు 5 మీటర్లు, నీటిమట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు 1 మీటరు, పోటుకు పెరిగే నీరు 2 మీటర్లు అనుకుంటే మొత్తం 8. దానికి 5 రెట్లు, అంటే 40 మీటర్ల గొలుసు వదలాలి. తాడైతే 7 రెట్లకు తగ్గకూడదు. పడవ తిరిగే ఆ వలయంలో రాళ్లు, వేరే పడవలు ఉండకూడదు. ఇసుక, బంకమట్టి లంగరును గట్టిగా పట్టుకుంటాయి. అడుగున గడ్డి ఉంటే పట్టినట్టే ఉండి, గాలి పెరగగానే జారిపోతుంది. కరెంటు కూడా మనమే చూసుకోవాలి: సీసపు బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే తొందరగా పాడవుతాయి. సోలార్ పలకలు లేకపోతే ఫ్రిజ్ కోసం ఇంజిన్ నడపక తప్పదు.

నా ఓటు లంగరుకే. మరమ్మతులకు, సరుకులు నింపుకోవడానికి, ఒంట్లో బాగాలేనప్పుడు మెరీనా. గాలివాన సూచన ఉన్నా అక్కడికే, కాకపోతే ముందురోజే చేరుకోవాలి. గాలి మొదలయ్యాక ఇరుకు దారిలో పడవను మలపబోతే లంగరు మీద ఉన్నదానికన్నా ఎక్కువ ప్రమాదం.

కొత్తవారు గాలి తక్కువున్న పగటిపూట లంగరు వేసి, ఇంజిన్‌ను నెమ్మదిగా రివర్సులో నడుపుతూ, పక్కన ఒడ్డు మీద ఒకే వరుసలో ఉన్న రెండు గుర్తులు విడిపోతున్నాయేమో గమనించాలి; విడిపోతూ ఉంటే లంగరు జారుతున్నట్టే. ఇది చేతికి అలవాటయ్యేదాకా మెరీనా అద్దె దండగ కాదు.